తెలుగు సాహిత్య పరిభాష

తెలుగు సాహిత్య పరిభాష అనగా తెలుగు పద్య, గద్య, గేయ రచనల నిర్మాణాన్ని, అందాన్ని, అర్థాన్ని వివరించుటకు వాడే పారిభాషిక పదాల సముదాయం. అలంకారం, రసం, ధ్వని, గణం, యతి, ప్రాస, శతకం, పల్లవి, మకుటం, శిల్పం మొదలైనవి ఈ కోవకు చెందిన మాటలు. వీటిలో అధిక భాగం సంస్కృత అలంకారశాస్త్రం నుండి వచ్చినవి. కొన్ని తెలుగు ఛందస్సు నుండి, పాట నుండి పుట్టినవి. మరికొన్ని 20వ శతాబ్దంలో ఆధునిక విమర్శతో ఏర్పడినవి.

ఈ మాటలను నిర్వచనాలుగా కంఠస్థం చేయుట ఒక పద్ధతి. ఒక మాటను మరొక మాటనుండి వేరుచేసే లక్షణాన్ని గుర్తించుట మరొక పద్ధతి. రెండవ పద్ధతిలో నేర్చినవారు ఇదివరకు చూడని పద్యంలో కూడా అలంకారాన్ని గుర్తించగలుగుతారు. ఈ వ్యాసం ఆ రెండవ పద్ధతిని అనుసరిస్తున్నది.

వ్యాసంలోని ఉదాహరణ వాక్యాలు ఏ కావ్యం నుండీ గ్రహించినవి కావు. ఇవి తడ, పులికాట్ సరస్సు పరిసరాలను ఆధారంగా చేసుకొని కూర్చిన వాక్యాలు. తడ ఆంధ్రప్రదేశ్ తీరప్రాంతపు దక్షిణపు కొనలో, చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారిపై, తమిళనాడు సరిహద్దును ఆనుకొని ఉన్న మండల కేంద్రం. పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. దీనికి తూర్పున ఉన్న పులికాట్, చిలికా తరువాత భారతదేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. తెలుగు, తమిళ ఛందస్సులు పక్కపక్కనే వినిపించే ఈ ప్రాంతం పరిభాషను పోల్చి చూచుటకు అనువైనది.

చరిత్ర

భరతుని నాట్యశాస్త్రంలో పేర్కొన్న అలంకారాలు నాలుగు మాత్రమే. అవి ఉపమ, రూపకం, దీపకం, యమకం. తరువాతి అలంకారికులు ఈ సంఖ్యను క్రమంగా పెంచారు. కావ్యాదర్శం రచించిన దండికి కాంచీపురంలోని పల్లవుల ఆస్థానంతో సంబంధం ఉన్నదని పండితుల అభిప్రాయం. వామనుడు రీతిని కావ్యానికి ఆత్మగా భావించాడు. 9వ శతాబ్దానికి చెందిన కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఆ స్థానాన్ని ధ్వనికి ఇచ్చాడు. కుంతకుడు వక్రోక్తికి, క్షేమేంద్రుడు ఔచిత్యానికి ప్రాధాన్యమిచ్చారు. 17వ శతాబ్దంలో తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు రసగంగాధరం రచించాడు.

అప్పయ్య దీక్షితుని కువలయానందం తెలుగునాట విస్తృతంగా చదవబడిన గ్రంథం. దీనిని అతడు వెంకటపతిదేవరాయల ప్రేరణతో రచించాడు. ఆ రాజు తిరుపతికి సమీపంలోని చంద్రగిరి రాజధానిగా పాలించినవాడు. ఈ గ్రంథంలో నూరింటికి పైగా అర్థాలంకారాలు ఉన్నవి. నాలుగు అలంకారాలతో మొదలైన శాస్త్రం నూరు దాటుటచే సూక్ష్మ భేదాలు స్పష్టమైనవి. విద్యార్థికి కంఠస్థం చేయవలసిన భారం కూడా పెరిగింది.

కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు సంస్కృతంలో రచించిన ప్రతాపరుద్రీయం తెలుగు అలంకారికులకు ఆదర్శమైనది. తెలుగులో మల్లియ రేచన రచించిన కవిజనాశ్రయం, విన్నకోట పెద్దన కావ్యాలంకార చూడామణి, అనంతామాత్యుని ఛందోదర్పణం, భట్టుమూర్తి నరసభూపాలీయం, అప్పకవి రచించిన అప్పకవీయం ముఖ్యమైన లక్షణ గ్రంథాలు.

శబ్దాలంకారాలు

శబ్దం వలన కలిగే చమత్కారం శబ్దాలంకారం. దీనిని గుర్తించుటకు సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. వాక్యంలోని మాటను తీసివేసి, అదే అర్థం గల వేరొక మాటను ఉంచాలి. అప్పుడు అందం పోయినచో అది శబ్దాలంకారం. అందం నిలిచినచో అది అర్థాలంకారం.

* వృత్త్యనుప్రాస: ఒకే హల్లు అనేక పర్యాయాలు వచ్చుట. ఉదా: కాళంగి కట్ట కింది కాలువలో కొంగ కదలక కాచుకొని ఉన్నది. ఇక్కడ "కొంగ" బదులు "బకం" అన్నచో ధ్వనిలోని వరుస చెడుతుంది.
* ఛేకానుప్రాస: రెండు హల్లుల జంట అర్థభేదంతో వెంటనే మరల వచ్చుట. ఉదా: ఆ వల వలస పక్షికి తగులరాదు.
* లాటానుప్రాస: ఒకే మాట అదే అర్థంతో మరల వచ్చినా తాత్పర్యం మారుట. ఉదా: చేప పడిన వలే వల. మొదటి "వల" వస్తువును చెబుతుంది. రెండవది "సార్థకమైన వల" అనే భావాన్ని ఇస్తుంది.
* యమకం: ఒకే అక్షర సముదాయం వేర్వేరు అర్థాలతో మరల వచ్చుట. ఉదా: పడవ దరిచేరితే ఆకలి తీరు, ఇదే ఆ ఊరి తీరు. మొదటి "తీరు" క్రియ. రెండవ "తీరు" పద్ధతి అనే నామవాచకం.
* ముక్తపదగ్రస్తం: ఒక భాగం చివర విడిచిన పదంతో తరువాతి భాగం ఆరంభమగుట. ఉదా: చెరువు నిండితే పైరు; పైరు పండితే గాదె; గాదె నిండితే పండుగ.
* అంత్యానుప్రాస: పాదాల చివర ఒకే విధమైన అక్షరాలు వచ్చుట. ఉదా: నీళ్ళు వచ్చెను ఏటిలో, నవ్వు విరిసెను పేటలో. గేయాలలో, సినిమా పాటలలో ఎక్కువగా కనిపించేది ఇదే.

ఛేక, లాట, యమకాలను వేరుచేయుటకు అడుగవలసిన ప్రశ్న "మరల వచ్చినప్పుడు అర్థం మారినదా?" అన్నదే. అర్థం మారక తాత్పర్యం మాత్రమే మారినచో లాటానుప్రాస. మిగిలిన రెండింటిలో అర్థభేదం ఉంటుంది. హల్లుల జంట వెంటవెంటనే వచ్చినచో ఛేకం. పదమో, అక్షర సముదాయమో అదే వరుసలో మరల వచ్చినచో, నడుమ ఎడమున్నా, యమకం.

అర్థాలంకారాలు

సాదృశ్యమూలక అలంకారాలు

అర్థాలంకారాలలో ఎక్కువ భాగం పోలికపై ఆధారపడినవి. ఉపమాలంకారంలో నాలుగు అంగాలుంటాయి. "సాయంకాలపు సరస్సు అద్దమువలె నిశ్చలంగా ఉన్నది" అనే వాక్యంలో,

* వర్ణించబడుతున్న సరస్సు ఉపమేయం.
* పోలికకు తెచ్చిన అద్దం ఉపమానం.
* నిశ్చలత సమానధర్మం.
* "వలె" అనేది ఉపమావాచకం.

నాలుగూ ఉన్నచో పూర్ణోపమ. ఏ ఒక్కటి లోపించినా లుప్తోపమ.

మిగిలిన సాదృశ్యాలంకారాలు కూడా ఈ ఉపమేయ, ఉపమానాల మధ్య సంబంధం మారుట వలన ఏర్పడినవే. శీతాకాలంలో పులికాట్ సరస్సుకు ఫ్లెమింగో పక్షులు పెద్ద సంఖ్యలో వస్తాయి. లేతగులాబి రంగు గల ఈ పక్షులను తామరలతో పోల్చినచో, ఒకే పోలిక నుండి పలు అలంకారాలు పుట్టుటను గమనించవచ్చును.

* ఉపమ: ఫ్లెమింగోలు తామరలవలె సరస్సు నిండా విరిసి ఉన్నవి. (రెండూ వేరు. పోలిక స్పష్టంగా చెప్పబడినది.)
* రూపకం: ఫ్లెమింగో తామరలు సరస్సు నిండా విరిశాయి. (రెండింటికీ అభేదం. "వలె" అనే మాట లేదు.)
* ఉత్ప్రేక్ష: ఆ ఫ్లెమింగోలు విరిసిన తామరలు కాబోలు! (కవి ఊహ. తామరలు కావని అతనికి తెలుసు.)
* సందేహం: అవి ఫ్లెమింగోలా, తామరలా? (నిశ్చయం లేదు.)
* భ్రాంతిమంతం: ఫ్లెమింగోలను తామరలనుకొని బాలుడు కోయబోయినాడు. (పాత్ర నిజంగా పొరబడినది.)
* అపహ్నుతి: అవి ఫ్లెమింగోలు కావు, తామరలే. (ఉపమేయాన్ని నిషేధించి ఉపమానాన్ని స్థాపించుట.)
* స్మృతిమంతం: ఫ్లెమింగోలను చూడగానే ఊరి చెరువులోని తామరలు గుర్తుకు వచ్చినవి. (పోలిక వలన జ్ఞాపకం.)
* వ్యతిరేకం: తామరలు పొద్దుగుంకితే ముడుచుకొంటాయి, ఫ్లెమింగోల అందానికి ఆ లోపం లేదు. (ఉపమేయానికి ఆధిక్యం.)
* రూపకాతిశయోక్తి: సరస్సులోని తామరలు రెక్కలు విప్పి ఎగిరిపోయినవి. (ఉపమేయాన్ని చెప్పకుండా ఉపమానాన్ని మాత్రమే చెప్పుట.)

ఉత్ప్రేక్ష, సందేహం, భ్రాంతిమంతం విషయంలో విద్యార్థులు తరచుగా తికమకపడుతుంటారు. ఈ మూడింటినీ వేరుచేసేది చూచేవాని మనఃస్థితి. ఊహించినచో ఉత్ప్రేక్ష, తేల్చుకొనలేకపోయినచో సందేహం, పొరబడినచో భ్రాంతిమంతం.

ఉప్పునీటిలో తామరలు పెరుగవు. కనుక పులికాట్‌లో తామరలను చూపుటలో చమత్కారం ఉన్నది. కానీ ఆ సరస్సును యథాతథంగా వర్ణించదలచిన రచనలో నిజమైన తామరపూలను ప్రవేశపెట్టినచో అది ఔచిత్యభంగం అవుతుంది. అలంకారం ఎక్కడ ఇముడుతుందో, ఎక్కడ ఇమడదో నిర్ణయించునది ఔచిత్యమే.

ఇతర అర్థాలంకారాలు

* స్వభావోక్తి: ఉన్నదానిని ఉన్నట్లుగా మనోహరంగా వర్ణించుట. ఉదా: పొడవైన మెడను వంచి, ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి, కాళ్ళతో బురదను కదుపుతూ ఫ్లెమింగో మేత వెదకుచున్నది. ఇందులో పోలిక ఏదీ లేదు. సూక్ష్మ పరిశీలనయే అలంకారం.
* అతిశయోక్తి: ఉన్నదానిని మించి చెప్పుట. ఉదా: శ్రీహరికోటలో రాకెట్ గర్జనకు నక్షత్రాలు నిద్రలేచినవి.
* అర్థాంతరన్యాసం: విశేషాన్ని సామాన్యంతోనో, సామాన్యాన్ని విశేషంతోనో సమర్థించుట. ఉదా: నీరు ఎండగానే పక్షులు ఎగిరిపోయినవి, మేత లేనిచోట ఎవరు నిలుస్తారు?
* దృష్టాంతం: రెండు వేర్వేరు వాక్యాలు బింబ ప్రతిబింబాలవలె ఉండుట. ఉదా: ముఖద్వారం పూడితే సరస్సు కుంచించుకుపోతుంది, చదువు ఆగితే బుద్ధి మొద్దుబారుతుంది.
* శ్లేష: ఒక్కసారి చెప్పిన మాట రెండు అర్థాలనిచ్చుట. ఉదా: ఆ చెరువు జీవనమునకు ఆధారము. "జీవనము" అనగా నీరు, బ్రతుకు అని రెండు అర్థాలు. యమకంలో మాట రెండుసార్లు రావాలి. శ్లేషలో ఒక్కసారి చాలును.
* వ్యాజస్తుతి: పైకి పొగడ్తగా ఉండి నిందను, పైకి నిందగా ఉండి పొగడ్తను తెలుపుట. ఉదా: ఆ రోడ్డు ఎంత ఉదారమైనదో! వాన కురిస్తే చాలు, అడుగడుగునా ఒక చెరువును దానం చేస్తుంది.

అర్థవృత్తులు, ధ్వని

ఒక మాట నుండి అర్థం మూడు విధాలుగా వెలువడుతుంది. వీటిని అభిధ, లక్షణ, వ్యంజన అంటారు. "తడ సరిహద్దులో ఉన్నది" అన్నప్పుడు తడ అనేది ఊరు. ఇది అభిధ. "తడ అంతా తిరునాళ్ళకు వెళ్ళింది" అన్నప్పుడు ఊరు వెళ్ళదు కనుక ఊరివారని గ్రహిస్తాము. ఇది లక్షణ. ముఖ్యార్థం పొసగనప్పుడే లక్షణ ప్రవర్తిస్తుంది.

మూడవదైన వ్యంజనలో ముఖ్యార్థం చక్కగా పొసగుతూనే మరొక అర్థం స్ఫురిస్తుంది. "పొద్దుగుంకింది" అనే మాటను అలంకారికులు తరచుగా ఉదాహరిస్తారు. ఈ మాట విన్న జాలరికి పడవను ఒడ్డుకు చేర్చవలెనని, పశువుల కాపరికి మందను తోలుకొనిపోవలెనని, ఇల్లాలికి దీపం పెట్టవలెనని తోస్తుంది. వాక్యం ఒక్కటే. వినేవారిని, సందర్భాన్ని బట్టి వ్యంగ్యార్థం మారుతుంది. ఈ వ్యంగ్యార్థం ప్రధానమైన కావ్యాన్ని ధ్వని కావ్యమని ఆనందవర్ధనుడు ఉత్తమంగా పరిగణించాడు.

రసం

భరతుడు ఎనిమిది రసాలను చెప్పాడు. తరువాతివారు శాంతాన్ని చేర్చుటచే నవరసాలైనవి. ప్రతి రసానికి మూలమైన స్థాయీభావం ఒకటి ఉంటుంది.

* శృంగారం - రతి
* హాస్యం - హాసం
* కరుణం - శోకం
* రౌద్రం - క్రోధం
* వీరం - ఉత్సాహం
* భయానకం - భయం
* బీభత్సం - జుగుప్స
* అద్భుతం - విస్మయం
* శాంతం - శమం

విభావ, అనుభావ, వ్యభిచారీ భావాల కలయికచే రసం నిష్పన్నమవుతుందని భరతుని సిద్ధాంతం. తుఫాను రాత్రి తీరంలో చిక్కుకొన్న ఒక కుటుంబాన్ని వర్ణించే కథను తీసుకొనవచ్చును. తుఫాను ఆలంబన విభావం. చీకటి, గాలిహోరు ఉద్దీపన విభావాలు. వణకు, గొంతు పెగలకపోవుట అనుభావాలు. వీటిని సాత్త్విక భావాలని ప్రత్యేకంగా వ్యవహరిస్తారు. శంక, దైన్యం, చింత వచ్చిపోయే వ్యభిచారీ భావాలు. ఇవన్నీ కలసి పాఠకునిలోని భయాన్ని భయానక రసంగా మారుస్తాయి. భావం పాత్రకు సంబంధించినది. రసం దానిని చదివే సహృదయుని అనుభవం. కనుకనే "ఈ కథలో భయం" అనే మాటను భయానకానికి పర్యాయంగా వాడరాదు.

ఛందస్సు

గురు లఘువులు, గణాలు

ఒక మాత్ర కాలంలో పలికేది లఘువు, రెండు మాత్రల కాలంలో పలికేది గురువు. దీర్ఘాక్షరం, సున్న లేదా విసర్గతో కూడిన అక్షరం, పొల్లుతో కూడిన అక్షరం, సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువులు. మూడక్షరాల గణాలు ఎనిమిది.

* య గణం (లఘువు, గురువు, గురువు): సముద్రం
* మ గణం (మూడూ గురువులు): ఆకాశం
* త గణం (గురువు, గురువు, లఘువు): కాళంగి
* ర గణం (గురువు, లఘువు, గురువు): దక్షిణం
* జ గణం (లఘువు, గురువు, లఘువు): సరస్సు
* భ గణం (గురువు, లఘువు, లఘువు): పక్షులు
* న గణం (మూడూ లఘువులు): పడవ
* స గణం (లఘువు, లఘువు, గురువు): తడలో

పద్యభేదాలు

అక్షర గణాలతో నడిచే వృత్తాలలో నాలుగు ప్రసిద్ధమైనవి.

* ఉత్పలమాల: భ, ర, న, భ, భ, ర, వ గణాలు. పాదానికి 20 అక్షరాలు. యతిస్థానం 10వ అక్షరం.
* చంపకమాల: న, జ, భ, జ, జ, జ, ర గణాలు. పాదానికి 21 అక్షరాలు. యతిస్థానం 11వ అక్షరం.
* శార్దూలం: మ, స, జ, స, త, త, గ గణాలు. పాదానికి 19 అక్షరాలు. యతిస్థానం 13వ అక్షరం.
* మత్తేభం: స, భ, ర, న, మ, య, వ గణాలు. పాదానికి 20 అక్షరాలు. యతిస్థానం 14వ అక్షరం.

వీటిలో "వ" అనునది లఘువు, గురువు కలసిన రెండక్షరాల గణం. "గ" అనగా ఒక గురువు.

ద్విపద, తేటగీతి, ఆటవెలది, సీసం దేశి పద్యాలు. ఇవి సూర్య, ఇంద్ర గణాలతో నడుస్తాయి. ద్విపద పాదంలో మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం ఉంటాయి. ప్రాస నియమం లేని ద్విపదను మంజరీ ద్విపద అంటారు. అన్నమాచార్యుని భార్య తాళ్ళపాక తిమ్మక్క సుభద్రా కల్యాణాన్ని ఈ మంజరీ ద్విపదలోనే రచించింది. తేటగీతి పాదంలో ఒక సూర్య గణం, రెండు ఇంద్ర గణాలు, రెండు సూర్య గణాలు వరుసగా వస్తాయి.

యతి, ప్రాస

సంస్కృతంలో యతి అనగా విరామం. పాదం మధ్య ఆగే చోటు. తెలుగులో యతి అనగా అక్షరమైత్రి. పాదం మొదటి అక్షరానికి, నియత స్థానంలో ఉన్న అక్షరానికి అచ్చులోను, హల్లులోను మైత్రి కుదరాలి. మాట ఒకటే అయినా తెలుగువారి చేతిలో దాని అర్థం మారినది.

ప్రాస అనగా పాదాలలోని రెండవ అక్షరపు హల్లు సమానంగా ఉండుట. సంస్కృత వృత్తాలకు ఈ నియమం లేదు. తెలుగులోకి వచ్చిన తరువాత అదే ఉత్పలమాలకు, శార్దూలానికి ప్రాస తప్పనిసరి అయినది. సరిహద్దుకు అవతల తమిళ ఛందస్సులో రెండవ అక్షరపు సామ్యాన్ని ఎదుగై అని, మొదటి అక్షరపు సామ్యాన్ని మోనై అని అంటారు. తెలుగు ప్రాస ఎదుగైకి, తెలుగు యతి మోనైకి దగ్గరగా ఉంటాయి. యతి, ప్రాసలు దక్షిణ భారత భాషల చెవికి సహజమైన నియమాలనుటకు ఇది ఒక నిదర్శనం.

ప్రక్రియలకు సంబంధించిన మాటలు

శతకం అనగా నూరు లేదా అంతకు మించిన ముక్తక పద్యాల సంపుటి. ముక్తకమనగా ముందువెనుకల పద్యాలతో పనిలేకుండా స్వతంత్రంగా అర్థమిచ్చే పద్యం. ప్రతి పద్యం చివర వచ్చే సంబోధనను మకుటం అంటారు. కృష్ణదేవరాయల ఆస్థాన కవిగా ప్రసిద్ధుడైన ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకం ఈ ప్రక్రియకు మంచి నమూనా. ఆయనే రచించిన శ్రీకాళహస్తి మాహాత్మ్యం ప్రబంధం. ఒకే క్షేత్రాన్ని, ఒకే దైవాన్ని ఆశ్రయించిన ఈ రెండు రచనలను పోల్చినచో ప్రక్రియాభేదం తెలుస్తుంది. ప్రబంధంలో కథ, వర్ణన, పాత్రలు ఉంటాయి. శతకంలో కవి స్వయంగా దైవంతో మాట్లాడుతాడు.

పాటకు సంబంధించిన మాటలు పల్లవి, చరణం, ముద్ర. ప్రతి చరణం తరువాత మరల పాడుకొనేది పల్లవి. వాగ్గేయకారుని లేదా అతని ఇష్టదైవాన్ని సూచించే పదం ముద్ర. పాటలో ముద్ర చేసే పనికి, శతకంలో మకుటం చేసే పనికి దగ్గర పోలిక ఉన్నది. అయితే మకుటం ప్రతి పద్యంలో అదే స్థానంలో రావాలి. ముద్ర సాధారణంగా చివరి చరణంలో వస్తుంది.

తిరుపతి ప్రాంతం - పరిభాష విస్తరణ

లక్షణ గ్రంథాలు పద్యాన్ని దృష్టిలో ఉంచుకొని పుట్టినవి. వాటి పరిధిలో ఇమడని రచనలు వచ్చినప్పుడల్లా పరిభాష విస్తరించవలసి వచ్చింది. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఇది మూడు సందర్భాలలో స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటిది పదకవిత. తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408 - 1503) తిరుమల వేంకటేశ్వరునిపై 32 వేల సంకీర్తనలు రచించాడని ప్రసిద్ధి. తాళగతికి లోబడిన పాటకు వృత్తలక్షణాలు సరిపోవు. అందుచే అన్నమాచార్యుడే సంస్కృతంలో సంకీర్తన లక్షణాన్ని రచించాడు. కుమారుడు పెద తిరుమలాచార్యుడు దానికి వ్యాఖ్య వ్రాశాడు. ఆ రెండూ నేడు లభించుట లేదు. మనుమడు చిన తిరుమలాచార్యుడు తెలుగు పద్యాలలో రచించిన సంకీర్తన లక్షణము మాత్రమే మిగిలినది. పాటలు రాగిరేకులపై నిలిచినవి కానీ, వాటి లక్షణం మూడు తరాలలో ఒక తరం మాటగా మాత్రమే నిలిచినది. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన పండితులు తిరుపతిలో ఈ రాగిరేకుల సాహిత్యాన్ని పరిష్కరించి ప్రకటించుటతో పదకవితా పరిభాషకు విమర్శలో స్థానం లభించింది.

రెండవది ఆధునిక విమర్శ. చిత్తూరు సమీపంలోని కట్టమంచికి చెందిన కట్టమంచి రామలింగారెడ్డి (1880 - 1951) కవిత్వ తత్త్వ విచారము అనే గ్రంథాన్ని 1914లో వెలువరించాడు. పింగళి సూరన రచనలను విమర్శకు తీసుకొని, కథానిర్మాణం, పాత్రపోషణ, భావనాశక్తి అనే ప్రమాణాలతో పరిశీలించాడు. ప్రబంధాలలో అలంకారాలు, వర్ణనలు మితిమీరి కథను కప్పివేయుటను తీవ్రంగా ఆక్షేపించాడు. దీనిపై సాహిత్యలోకంలో వాదోపవాదాలు జరిగినవి. అలంకారం పేరు చెప్పుటతో విమర్శకుని పని పూర్తికాదని, రచనలో అది చేసిన పనిని కూడా చెప్పవలెనని ఈ గ్రంథం తరువాత తరానికి నేర్పింది.

మూడవది మాండలికం. అలంకారశాస్త్రంలో గ్రామ్యం ఒక కావ్యదోషం. 20వ శతాబ్దపు తొలి దశకాలలో గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమం ఈ భావనను ప్రశ్నించింది. చిత్తూరు జిల్లా రచయిత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పచ్చనాకు సాక్షిగా, సినబ్బ కథలు, మిట్టూరోడి కథలు అనే రచనలలో సంభాషణలనే కాక కథనాన్ని కూడా ఆ ప్రాంతపు పల్లె భాషలోనే నడిపాడు. పూర్వపు పరిభాష ప్రకారం ఇది ఆసాంతం గ్రామ్య దోషం. నేటి పరిభాషలో దీనిని మాండలిక కథనం అంటారు. ఇది శిల్పంలో గుణం. అదే జిల్లాకు చెందిన మధురాంతకం రాజారాం తన కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. అతని కథలు శిష్ట వ్యావహారికంలో సాగుతాయి. ఒకే సీమ జీవితాన్ని చెప్పిన ఈ ఇద్దరి రచనలను పక్కపక్కన చదివినచో, కథకుని భాష కూడా శిల్పంలో భాగమని తెలుస్తుంది.

ఒకే మాట - రెండు అర్థాలు

పరిభాషను అర్థం చేసుకొనుటలో ఎక్కువ చిక్కు కలిగించేవి రెండు శాస్త్రాలలో రెండు అర్థాలతో వాడబడే మాటలు.

* రూపకం: అలంకారశాస్త్రంలో ఉపమేయ ఉపమానాల అభేదం. నాట్యశాస్త్రంలో ప్రదర్శనయోగ్యమైన నాటకాది రచన. దశరూపకాలు అన్నప్పుడు రెండవ అర్థం.
* లక్షణం, లక్షణ: మొదటిది నిర్వచనం. రెండవది ముఖ్యార్థం పొసగనప్పుడు ప్రవర్తించే అర్థవృత్తి.
* ధ్వని: వ్యాకరణంలో, వాడుకలో శబ్దం. అలంకారశాస్త్రంలో స్ఫురించే అర్థం.
* వ్యంగ్యం: శాస్త్రంలో వ్యంజన వలన తెలిసే అర్థం. అది కరుణ రసంలోనైనా ఉండవచ్చును. వాడుకలో ఎత్తిపొడుపు.
* పదం: వ్యాకరణంలో మాట. సాహిత్యంలో పాట. అన్నమాచార్యుని పదకవితా పితామహుడనునది రెండవ అర్థంలోనే.
* ప్రాస: ఛందస్సులో పాదాల రెండవ అక్షరపు సామ్యం. నేటి వాడుకలో పాదాల చివర వచ్చే సామ్యం. దీనికి శాస్త్రంలోని పేరు అంత్యానుప్రాస.

ఆధునిక పరిభాష

కథ, నవల, వచనకవిత వంటి ప్రక్రియలతో మరికొన్ని మాటలు వాడుకలోకి వచ్చినవి. రచన దేనిని గురించి చెబుతున్నదో అది వస్తువు. ఎట్లు చెప్పినదో అది శిల్పం. సంఘటనల కూర్పు ఇతివృత్తం. ఎవరి చూపు నుండి కథ చెప్పబడినదో అది దృక్కోణం. పంచేంద్రియాలకు అందేటట్లు మాటలతో కట్టిన బొమ్మ భావచిత్రం.

ప్రతీకకు, ఉపమానానికి గల భేదాన్ని గమనించవలెను. "ఆమె జీవితం ఎండిన సరస్సువలె ఉన్నది" అన్నచో సరస్సు ఉపమానం. ఆమె జీవితాన్ని ఎక్కడా సరస్సుతో పోల్చకుండా, కథలో మూడు నాలుగు చోట్ల ఎండిపోతున్న సరస్సును చూపి, చివరకు పాఠకునికే ఆ సంబంధం తోచేటట్లు చేసినచో సరస్సు ప్రతీక అవుతుంది. ప్రాచీనులు వ్యంజన అన్న వ్యాపారమే ఇక్కడ కూడా జరుగుతున్నది. పేరు కొత్తదైనా పని పాతదే.

రచనకు అన్వయించు విధానం

ఒక పద్యాన్ని లేదా వాక్యాన్ని పరిశీలించునప్పుడు ఈ క్రింది వరుసను అనుసరించుట మేలు.

* ముందుగా అర్థాన్ని, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో గ్రహించాలి.
* అందం శబ్దంలో ఉన్నదా, అర్థంలో ఉన్నదా అని మాట మార్చి పరీక్షించాలి.
* పోలిక ఉన్నచో ఉపమేయం, ఉపమానం ఏవో గుర్తించి, వాటి మధ్య సంబంధం ఎట్టిదో చూడాలి.
* చెప్పినదానికంటె ఎక్కువ ఏమైనా స్ఫురిస్తున్నదా అని విచారించాలి.
* ఆ తరువాతనే అలంకారానికి పేరు పెట్టాలి.
* చివరగా, ఆ అలంకారం లేకుండా అదే విషయం చెప్పినచో ఏమి పోతుందో చెప్పాలి.

పరీక్షాపత్రాలలో సాధారణంగా అడిగేది అయిదవ అంశం. విమర్శ ఆరవ అంశంతో ఆరంభమవుతుంది.